రాబర్ ఈగలు – గుర్తింపు, వర్గీకరణ

ఉపోద్ఘాతం

గత భాగంలో డిప్టెరా క్రమం సాధారణ లక్షణాలు చదివారు. ఒకే జత రెక్కలు, వెనుక జత రెక్కల స్థానంలో చిన్న గదల్లాంటి హాల్టియర్లు, పీల్చడానికో గుచ్చడానికో అనువైన నోటి భాగాలు ఈ క్రమంలోని కీటకాలకు ఉమ్మడి గుర్తులని అక్కడ చెప్పుకున్నాం. ఈ భాగంలో ఆ క్రమంలోని ఒకే ఒక కుటుంబాన్ని, అసిలిడేను, తీసుకుంటున్నాం. ఈ కుటుంబంలోని ఈగలను ఇంగ్లీషులో రాబర్ ఫ్లైలు అంటారు. మాటు వేసి, దారిన పోయే కీటకం మీద పడి పట్టుకొనే అలవాటును బట్టి వచ్చిన పేరు ఇది. ఈ పాఠంలో 'రాబర్ ఈగ' అనే మాట వాడుతున్నాం.

వానకాలం ముగిసే రోజుల్లో నల్లగొండ జిల్లాలోని ఒక బత్తాయి తోటలో మధ్యాహ్నం పూట నిలబడ్డారనుకోండి. కంచె తీగ మీద బూడిదరంగు పొడవాటి ఈగ వాలి ఉంది. దాని కాళ్ళ మధ్య ఒక తేనెటీగ చిక్కి ఉంది. ఇదేమిటని తోటలో ఉన్న పెద్దాయనను అడిగితే, "జోరీగ సారూ, పసుల నెత్తురు తాగుతది" అనవచ్చు. మీరు అదే రాసుకొని వస్తే, మీ ప్రాక్టికల్ రికార్డులో ఒక తప్పు చేరుతుంది. అంతటితో ఆగితే ఫరవాలేదు. పేరుతో పాటు ఆ కీటకం తిండి, పుట్టుక, అది చేసే మేలూ కీడూ అన్నీ తారుమారవుతాయి. పశువులను కాపాడుతున్నాననుకొని రైతు మందు చల్లేది ఒక ఈగ మీద, పశువులను కుట్టేది మరొకటి. కాబట్టి ఈ రెండింటినీ వేరు చేయడంతోనే పాఠం మొదలుపెడదాం.

జోరీగకూ రాబర్ ఈగకూ తేడా

జోరీగ టబానిడే కుటుంబానికి చెందినది. ఆడ జోరీగ చర్మాన్ని కోసి, ఊరిన రక్తాన్ని పీల్చుకుంటుంది. మగది పూల తేనె మీద బతుకుతుంది. పశువులకు వచ్చే సర్రా వ్యాధి క్రిములను ఒక పశువు నుంచి మరొక పశువుకు చేరవేసేది కూడా ఈ జోరీగలే. రాబర్ ఈగల్లో ఆడదీ మగదీ రెండూ వేటగాళ్ళే. వాటి ఆహారం ఇతర కీటకాలు, అప్పుడప్పుడు సాలీళ్ళు. అవి రక్తం తాగవు. అజాగ్రత్తగా చేత్తో పట్టుకుంటే మాత్రం తొండంతో గుచ్చుతాయి, నొప్పి గట్టిగానే ఉంటుంది. ఆ గుచ్చడం ఆత్మరక్షణ కోసమే.

ఈ పొరపాటు మన ఊళ్ళకే పరిమితం కాదు. 'అసిలస్' అనేది పాత లాటిన్ మాట. రోమన్ కవి వర్జిల్ తన జార్జిక్స్ కావ్యం మూడో భాగంలో, పశువుల మందను బెదరగొట్టి పరుగులు పెట్టించే ఈగకు ఆ పేరు వాడాడు. అంటే ఆ మాటకు అర్థం దాదాపు మన జోరీగే. 1758లో లిన్నేయస్ సిస్టెమా నేచురే పదో ముద్రణలో ఆ పేరునే ఈ వేట ఈగల ప్రజాతికి పెట్టాడు. తరువాత 1802లో లాత్రెయ్ అసిలిడే కుటుంబాన్ని నెలకొల్పాడు. పశువు జోలికి పోని ఈగకు పశువులను కుట్టే ఈగ పేరు అలా శాశ్వతంగా అంటుకుపోయింది. నామకరణ నియమాల ప్రకారం ముందు పెట్టిన పేరే చెల్లుతుంది. కాబట్టి పేరు అర్థాన్ని చూసి కీటకం స్వభావాన్ని ఊహించకూడదు.

తలను ముందు నుంచి చూడండి

రాబర్ ఈగను గుర్తించాలంటే రంగు చూడకండి, పరిమాణం చూడకండి. ఈ కుటుంబంలో కొన్ని మిల్లీమీటర్ల ఈగలూ ఉన్నాయి, వేలెడంత పొడవున్నవీ ఉన్నాయి. నమూనాను పటకారుతో పట్టుకొని, ముఖం మీ వైపు తిరిగేలా పెట్టి, పది రెట్లు పెద్దగా చూపే చేతి కటకంతో చూడండి.

మొదట కనబడేది నడినెత్తి మీది గుంట. రెండు సంయుక్త నేత్రాలూ పైకి ఉబ్బి ఉంటాయి, వాటి మధ్య భాగం లోపలికి దిగి ఉంటుంది. రెండు గుట్టల మధ్య కనుమలా ఉంటుందన్న మాట. ఆ కనుమ మధ్యలో చిన్న బొడిపె, దాని మీద మూడు సరళ నేత్రాలు ఉంటాయి. ఆడదానిలోనూ మగదానిలోనూ కళ్ళు ఒకదాన్నొకటి తాకవు. జోరీగల్లో మగదాని కళ్ళు సాధారణంగా నెత్తి మీద కలిసిపోతాయి, ఆడదాని కళ్ళ మధ్య సన్నని పట్టీ ఉన్నా గుంట ఉండదు. ఈ ఒక్క గుర్తుతోనే సగానికి పైగా సందేహాలు తీరిపోతాయి.

రెండోది గడ్డం. నోటికి పైన ముఖం మీద దట్టంగా, బిరుసుగా వెంట్రుకల కుచ్చు ఉంటుంది. దీన్ని మిస్టాక్స్ అంటారు. గ్రీకులో ఆ మాటకు అర్థం మీసం. కాళ్ళలో గిజగిజలాడే ఎర నుంచి ముఖాన్ని ఇది కాపాడుతుందని కీటక శాస్త్రజ్ఞులు భావిస్తారు. మూడోది తొండం. పొట్టిగా, గట్టిగా, సూదిలా ముందుకో కిందికో పొడుచుకొని ఉంటుంది. ఇంటి ఈగ తొండం చివర ఉండే మెత్తని స్పంజిలాంటి భాగం దీనికి ఉండదు.

తల తరువాత మిగిలిన శరీరం. ఉరం పైకి ఉబ్బి బలంగా ఉంటుంది. ఎందుకంటే తనంత బరువున్న ఎరను మోసుకుంటూ ఎగరడానికి తగిన కండరాలన్నీ అందులోనే ఉండాలి. కాళ్ళ నిండా ముళ్ళలాంటి వెంట్రుకలు ఉంటాయి. ఎరను పట్టేది కాళ్ళు, చంపేది తొండం. ఉదరం సాధారణంగా పొడవుగా, చివరికి సన్నబడుతూ ఉంటుంది.

మారువేషాలు

'సాధారణంగా' అన్నామంటే మినహాయింపులు ఉన్నాయని అర్థం. ఈ కుటుంబంలో అవి చాలానే ఉన్నాయి.

హైపరెకియా జైలోకోపిఫార్మిస్ అనే దక్షిణ భారతదేశపు ఈగను చూడండి. 1849లో వాకర్ దీనికి పేరు పెట్టాడు. జైలోకోపా అంటే ఎండు కొయ్యలో రంధ్రాలు చేసుకొనే మన నల్ల తుమ్మెద. తుమ్మెద ఆకారం గలది అని ఈ జాతి పేరుకు అర్థం. లావైన నల్లని ఒళ్ళు, ముదురు రంగు రెక్కలు, వెంట్రుకల కాళ్ళు చూసి ఎవరైనా తుమ్మెద అనే అనుకుంటారు. ఈ ప్రజాతి ఈగల డింభకాలు తుమ్మెద గూళ్ళలోనే పెరిగి, తుమ్మెద పిల్లలను తింటాయి. ఇక్కడ రెక్కలు లెక్కపెట్టండి అని చెప్పడం తేలిక, చేయడం కష్టం. తుమ్మెద వెనుక రెక్కలు ముందు రెక్కలకు చిన్న కొక్కేలతో తగులుకొని ఒకే రెక్కలా కనిపిస్తాయి. హాల్టియర్లు ఉన్నాయేమో చూడండి. ఆ తరువాత నెత్తి మీది గుంట, గడ్డం చూడండి. తుమ్మెద స్పర్శశృంగం పొడవుగా, మోచేతిలా వంగి, చాలా ఖండితాలతో ఉంటుంది. రాబర్ ఈగది పొట్టిది, మూడు ముఖ్య భాగాలున్నది.

మరో కొసన లెప్టోగాస్టర్ ప్రజాతి ఉంది. దారంలాంటి ఉదరం, పొడవాటి వెనుక కాళ్ళు. గడ్డిలో మెల్లగా తేలుతూ పోతుంటే సన్న తూనీగ పిల్ల అనుకుంటాం. సన్న తూనీగకు నాలుగు రెక్కలు స్పష్టంగా కనబడతాయి, దీనికి రెండే. మిగతా రాబర్ ఈగల్లా గాలిలో దూకి పట్టడం కాకుండా, ఆకు మీదా గడ్డిపోచ మీదా కూర్చున్న చిన్న కీటకాలను ఇవి ఏరుకుంటాయి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: ఒళ్ళంతా బొచ్చు, ముందుకు చాచిన సన్నని పొడవాటి తొండం, ఒకే జత రెక్కలు ఉన్న ఈగ పువ్వు ముందు గాలిలో నిలిచి తేనె తాగుతోంది. నెత్తి మీద గుంట లేదు. ఇది రాబర్ ఈగేనా?
జవాబు: కాదు. ఇది బాంబిలిడే కుటుంబానికి చెందిన ఈగ. రాబర్ ఈగల తొండం పొట్టిగా, దృఢంగా ఉంటుంది, నడినెత్తిన గుంట ఉంటుంది.

వేట, జీవిత చక్రం

రాబర్ ఈగ ఎండ కాసే వేళల్లో చురుగ్గా ఉంటుంది. రాయి, ఎండు పుల్ల, కంచె తీగ వంటి చోటు ఎంచుకొని కూర్చుంటుంది. ఎదురుగా ఏదైనా ఎగిరితే తల తిప్పి చూస్తుంది, రివ్వున లేచి గాలిలోనే పట్టుకొని, తరచుగా అదే చోటికి తిరిగివస్తుంది. మీకు ఇది బాగా కలిసివచ్చే అలవాటు. ఒకసారి తప్పించుకుపోయినా కదలకుండా నిలబడితే చాలాసార్లు మళ్ళీ అక్కడే వాలుతుంది.

పట్టిన వెంటనే ఎర ఒంటి మీద మెత్తని చోటు వెదికి తొండం దించుతుంది. మెడ పొర, ఖండితాల మధ్య అతుకులు అలాంటి చోట్లు. పెంకు పురుగు గట్టి కవచం లోపల ఉంటుంది కదా, దాన్నెలా గుచ్చుతుంది? ఎగిరేటప్పుడు పెంకు పురుగు పై రెక్కలు తెరుచుకుంటాయి, అప్పుడు వీపు బయటపడుతుంది. తొండం అక్కడ దిగుతుంది. లాలాజలంలో నరాలను స్తంభింపజేసే విషమూ మాంసకృత్తులను కరిగించే ఎంజైములూ ఉంటాయి. ఎర క్షణాల్లో కదలిక మానుతుంది, లోపలి భాగాలు ద్రవంగా మారుతాయి, ఈగ ఆ ద్రవాన్ని పీల్చుకొని ఖాళీ డొల్లను వదిలేస్తుంది. రాబర్ ఈగ వాలిన రాయి కింద ఇలాంటి డొల్లలు దొరికితే ఏరి ఉంచండి. దాని ఆహారానికి అంతకు మించిన సాక్ష్యం లేదు.

గుడ్లు పెట్టే తీరు అందరిదీ ఒకటి కాదు. ఆడ ఈగ ఉదరం చివర చూస్తే అది ఎక్కడ గుడ్లు పెడుతుందో కొంత ఊహించవచ్చు. ఇసుకలో పెట్టే వాటికి చివర తవ్వడానికి వీలుగా ముళ్ళ వలయం ఉంటుంది. మొక్కల సందుల్లో పెట్టే వాటికి కత్తిలా నొక్కుకుపోయిన అవయవం ఉంటుంది. ప్రొమాకస్ ప్రజాతిలో కొన్ని పుల్లల మీద తెల్లని సున్నపు ముద్దలాంటి పూతలో గుడ్లు పెడతాయి. డింభకాలు చాలావరకు మట్టిలోనో కుళ్ళిన కొయ్యలోనో ఉండి, అక్కడి ఇతర కీటకాల గుడ్లనూ డింభకాలనూ తింటాయి. మన కంటికి ఇవి దాదాపు పడవు. ప్యూపా తన ముళ్ళ సాయంతో నేల పైకి సగం వరకు జరిగి వస్తుంది, ఈగ బయటికి పోయాక దాని ఖాళీ తొడుగు నేలలో గుచ్చినట్టు నిలబడి ఉంటుంది.

రాబర్ ఈగ రైతుకు మిత్రుడా, శత్రువా? పరీక్షల్లో 'మిత్ర కీటకం' అని ఒక్క మాటలో రాసేవారే ఎక్కువ. అది సగం నిజమే. బత్తాయి తోటలో చూసిన ఈగ తేనెటీగను తింటోంది. పరాగ సంపర్కం కోసం తోటలో తేనె పెట్టెలు పెట్టుకున్న రైతుకు అది నష్టమే. అర్జెంటీనాలో మల్లోఫోరా రూఫికాడా అనే జాతి మీద చేసిన పరిశోధనలు ఈ చిక్కును బాగా చూపిస్తాయి. పెరిగిన ఈగ తేనెటీగలను పట్టి తింటుంది కాబట్టి తేనె పెట్టెల వాళ్ళకు అది బద్ధ శత్రువు. దాని డింభకం మాత్రం మట్టిలో, పంటల వేళ్ళు కొరికే పెంకు పురుగు డింభకాల మీద పరాన్నజీవిగా బతుకుతుంది. మన వేరుశనగ రైతులు 'వేరుపురుగు' అనేది అలాంటి పెంకు పురుగుల డింభకాన్నే. మన ప్రాంతపు రాబర్ ఈగ ఏ వైపు మొగ్గుతుందో చెప్పాలంటే, అది ఏ జాతో ముందు తేలాలి, అది ఏం తింటోందో చూసినవారు రాసిపెట్టాలి. గుర్తింపు కేవలం మార్కుల కోసం చేసే పని కాకపోవడానికి కారణం ఇదే.

వర్గీకరణ

ప్రపంచంలో ఇప్పటికి 7,000కు పైగా రాబర్ ఈగ జాతులకు పేర్లు పెట్టారు. కుటుంబం మొత్తాన్ని ఒక చోటికి తెచ్చిన గ్రంథం ఫ్రాంక్ హల్ 1962లో వెలువరించినది. ఆసియా ఆగ్నేయ భాగపు జాతుల జాబితాను 1975లో ఓల్డ్‌రాయిడ్ తయారుచేశాడు. మన దేశానికి సంబంధించి 1930లలో బ్రామ్లీ కొత్త జాతులను వర్ణించాడు. భారత జంతుశాస్త్ర సర్వే ప్రచురించిన జోసెఫ్, పరుయిల గ్రంథం 1998లో వచ్చింది. మన దేశపు జాతిని గుర్తించాలనుకొనేవారు మొదట తెరవవలసింది దీన్నే.

పాత పద్ధతిలో కుటుంబాన్ని నాలుగు ఉపకుటుంబాలుగా విభజించేవారు: లెప్టోగాస్ట్రినే, డాసిపోగోనినే, లాఫ్రినే, అసిలినే. ప్రాక్టికల్‌లో మొదటి మెట్టుగా ఇది ఇప్పటికీ పనికివస్తుంది. దీనికి రెక్క ఈనెలు చూడటం తెలియాలి.

రెక్కను వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. ముందు అంచుకు దగ్గరగా పొడవాటి ఈనెలు రెండు రెక్క కొస వైపు సాగుతాయి. వాటి మధ్య ఉన్న గదిని మార్జినల్ గది అంటారు. వాగు పాయలు రెండు చెరువులో పడే ముందే కలిసిపోయినట్టు, ఆ రెండు ఈనెలు అంచు చేరకముందే కలిస్తే గది మూసుకొని ఉన్నట్టు. వేరువేరుగా అంచును చేరితే గది తెరిచి ఉన్నట్టు. మూసుకొని ఉంటే అసిలినే లేదా లాఫ్రినే. తెరిచి ఉంటే డాసిపోగోనినే లేదా లెప్టోగాస్ట్రినే.

మూసుకొని ఉన్న రెండింటినీ స్పర్శశృంగంతో వేరుచేస్తారు. అసిలినేలో దాని కొసన వెంట్రుకలాంటి సన్నని శూకం ఉంటుంది. లాఫ్రినేలో శూకం ఉండదు, ఉన్నా మొండిగా, చాలా చిన్నగా ఉంటుంది. తెరిచి ఉన్న రెండింటికి పాదం చూడాలి. గోళ్ళ కింద మెత్తని దిండ్లు లేకపోతే, ఉదరం దారంలా ఉంటే లెప్టోగాస్ట్రినే. దిండ్లు ఉంటే డాసిపోగోనినే.

ఈ నాలుగింటిలో డాసిపోగోనినే నిజానికి ఒక గంప. ఎక్కడా ఇమడని వాటన్నిటినీ అందులో వేశారు. 2009లో టార్స్టెన్ డికోవ్ బాహ్య నిర్మాణ లక్షణాల ఆధారంగా వంశవృక్షాన్ని గీసి 14 ఉపకుటుంబాలను గుర్తించాడు. దాంతో ఆ గంపలోనివి స్టెనోపోగోనినే, స్టికోపోగోనినే, ట్రైగోనోమిమినే వంటి వేరు కుంపట్లు పెట్టుకున్నాయి. పాత అసిలినే నుంచి ఒమ్మాటినే విడిపోయింది. కాబట్టి ఒకే ఈగ రెండు పుస్తకాల్లో రెండు ఉపకుటుంబాల కింద కనిపిస్తే కంగారుపడకండి. మీ రికార్డులో ఏ పద్ధతి అనుసరించారో ఒక ముక్క రాస్తే చాలు.

మన ప్రాంతంలో ఎక్కడ వెదకాలి

నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్ట ప్రాంతం గ్రానైటు గుట్టలు, ఎర్ర చల్క నేలలు, చెరువులు, దక్షిణాన నల్లమల ఆకురాల్చే అడవి కలిసినది. ఇక్కడ వెదకదగిన ప్రజాతులు ద్వీపకల్ప భారతంలో విస్తారంగా ఉన్నవే.

చేను గట్లు, తోటల కంచెలు ప్రొమాకస్‌కు అనువైన చోట్లు. ఇది బలమైన, పెద్ద ఈగ. రెక్క కొస దగ్గర, మార్జినల్ గదికి వెనుక ఉన్న సబ్‌మార్జినల్ గదులు చాలా రాబర్ ఈగల్లో రెండుంటాయి. ప్రొమాకస్‌లో మూడు. 1775లో ఫాబ్రీషియస్ వర్ణించిన ప్రొమాకస్ మాక్యులేటస్ ఈ ప్రజాతిలోనిదే. పొదల నీడలో, చిన్న కొమ్మల కొసన ఒమ్మాటియస్ దొరుకుతుంది. దాని స్పర్శశృంగ శూకం మీద దువ్వెన పళ్ళలా వెంట్రుకలు ఉంటాయి. ఆ ఒక్క గుర్తు చాలు.

డిండి, మూసీ, కృష్ణ ఒడ్డున ఇసుక మీద నడిచేటప్పుడు పాదాల ముందు నుంచి లేచి, రెండడుగుల దూరంలో మళ్ళీ వాలే చిన్న బూడిదరంగు ఈగ స్టికోపోగాన్ కావచ్చు. ముఖం దగ్గర కంటే నెత్తి దగ్గర దాని కళ్ళ మధ్య ఎడం ఎక్కువ. వాలితే ఇసుకలో కలిసిపోతుంది, అందుకే లేచేటప్పుడు దాన్ని చూడగలం కానీ కూర్చున్నప్పుడు కష్టం. గూని వీపు, తలంతా కళ్ళే అన్నట్టుండే చిన్న ఈగ డమాలిస్. బయలు నేలల్లో చాలా పెద్ద రాబర్ ఈగ, మార్జినల్ గది తెరిచి ఉన్నది కనబడితే మైక్రోస్టైలమ్ ప్రజాతితో పోల్చి చూడండి.

నమూనా, లేబుల్

రాబర్ ఈగను ఇతర కీటకాలతో ఒకే సీసాలో వేయకండి. చచ్చేలోపు పక్కదాన్ని గుచ్చేస్తుంది. ఎరతో సహా దొరికితే రెండింటినీ కలిపే భద్రపరచండి. ఎరను వేరే సూదికి గుచ్చి, రెండు లేబుళ్ళ మీదా ఒకే సంఖ్య వేయాలి. సూదిని ఉరం మీద మధ్య గీతకు కాస్త కుడివైపు దించాలి, అలా చేస్తే ఎడమ వైపు వెంట్రుకలైనా చెడకుండా మిగులుతాయి.

లేబుల్ మీద జిల్లా పేరు రాసేటప్పుడు జాగ్రత్త అవసరం. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగింది. పాత మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు ఏర్పడ్డాయి. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట వేరుపడింది. పాత నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి వచ్చాయి. పాత పెట్టెలో 'మహబూబ్‌నగర్ జిల్లా, అమ్రాబాద్' అని ఉంటే అది నేటి నాగర్‌కర్నూల్ జిల్లా. అందుకే ఊరు, మండలం, వీలైతే అక్షాంశ రేఖాంశాలు రాయండి. జిల్లా మారవచ్చు, ఊరు ఎక్కడికీ పోదు. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో అటవీశాఖ అనుమతి లేకుండా కీటకాలను కూడా సేకరించరాదు. అక్కడ ముఖం, పక్క భాగం, రెక్క కనిపించేలా మూడు ఫొటోలు తీసుకోండి.

ఒక నమూనాను గుర్తించి చూద్దాం

మొదట చెప్పుకున్న బత్తాయి తోట ఈగకే వద్దాం. దాన్ని మీరు పట్టి తెచ్చారనుకోండి. ఒకే జత రెక్కలు, హాల్టియర్లు ఉన్నాయి: డిప్టెరా. కళ్ళ మధ్య గుంట, ముఖాన గడ్డం, సూదిలాంటి తొండం: అసిలిడే. మార్జినల్ గది మూసుకొని ఉంది. స్పర్శశృంగం కొసన సన్నని శూకం ఉంది: పాత పద్ధతిలో అసిలినే. శూకం మీద దువ్వెన పళ్ళు లేవు, కాబట్టి ఒమ్మాటియస్ కాదు. సబ్‌మార్జినల్ గదులు మూడున్నాయి: ప్రొమాకస్.

ఇక్కడ ఆగాలి. ప్రొమాకస్‌లో జాతిని నిర్ధారించాలంటే మగదాని ఉదరం చివరి జననాంగాల నిర్మాణాన్ని సూక్ష్మదర్శిని కింద చూసి, గ్రంథంలోని బొమ్మలతో పోల్చాలి. మీ దగ్గరున్నది ఆడదైతే ఆ పని మరింత కష్టం. మచ్చలు కనబడ్డాయి కదా అని 'మాక్యులేటస్' అని రాసేయడం చాలా రికార్డుల్లో కనిపించే తప్పు. లేబుల్ ఇలా ఉంటే సరిపోతుంది:

ప్రొమాకస్ ప్రజాతి, జాతి నిర్ధారణ కాలేదు. ఆడ. బత్తాయి తోట కంచె తీగ మీద, మధ్యాహ్నం. ఎర: తేనెటీగ (నమూనా 7-ఆ). ఊరు, మండలం, జిల్లా, తేదీ. సేకరించినవారు: మీ పేరు.